నడుమున దాచిన రివాల్వరు

కడపజిల్లాలో రివాల్వరు కొత్త వస్తువు కాదు. ప్రొద్దుటూరి బంగారువర్తకుడు సరకు వెంటబెట్టుకొని రాత్రి ప్రయాణము చేయును. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల భూస్వామి పాతపగ గల పొలిమేర దాటి తన చేనికి పోవలసియుండును. అట్టివారు ప్రాణభయము చెప్పి లైసెన్సు పొందుట, పొందినదానిని నడుమున ధరించుట కలదు. వల్లూరు మొదలు పులివెందుల వరకు గల గ్రామముల చరిత్ర నెఱిగినవారెవ్వరును ఆ భయము కల్పితమనజాలరు. అయితే ఆయుధము ధరించు హక్కును గూర్చి మన దేశమున చర్చ చాల జరిగినది. ధరించువాని ధర్మమును గూర్చి జరిగినది స్వల్పము. నేడు ఆ రెండవదానిని విచారింపవలసియున్నది.

హక్కు మనకు సులభముగా రాలేదు. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను కుంపిణీవారికి ధారపోసిన పిదప, మన్రోదొర చేసిన మొదటి పని పాలెగాండ్రను అణచుట. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధచట్టము వచ్చెను. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ముట్టరాదు. తెల్లవానికి మాత్రము ఆ నిర్బంధము లేదు. ఈ అవమానము జాతి మఱవలేదు. 1930 జనవరిలో గాంధీజీ ప్రకటించిన 11 కోర్కెలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు లిమ్మనుట యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానమున ఆయుధధారణ హక్కును చేర్చెను. కాని పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. గాంధీజీ ఆ లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడియుండవలెననెను. కరాచీ తీర్మానము సైతము ఆ హక్కు నిబంధనలకు లోబడినదనియే చెప్పెను. హక్కును కోరినవారే కళ్లెమును గూడ కోరిరి.

స్వతంత్ర భారతము 1959లో చేసికొన్న ఆయుధచట్టము, 2016 నాటి ఆయుధ నియమావళి ఆ కళ్లెములే. బహిరంగస్థలమున చేతితుపాకిని ఒంటికి కట్టుకొన్న ఒరలోనో సంచిలోనో ఉంచుకొనవలెననియు, అది పూర్తిగా కప్పబడి ధరించినవాని స్వాధీనములో నుండవలెననియు, జనమధ్యమున దానిని ఝళిపింపరాదనియు, పేల్చరాదనియు ఆ నియమావళి శాసించుచున్నది. కప్పుమనుటలోని అర్థము మాటువేయుమని కాదు; ఇరుగుపొరుగును బెదరింపకుమని. మన సీమలో కొందఱి ఆచారము దీనికి విపరీతము. పంచాయతీలో చొక్కా ప్రక్కకు తొలగించి పిడి కనబఱచుట, పెండ్లిపందిరిలో ఆకాశమునకు కాల్చుట పౌరుషమనుకొనుచున్నారు. ఆకాశమునకు పోయిన తూటా ఆకాశముననే నిలువదు. ఎవరి నెత్తిమీదనో దిగును. ఉత్సవములలో నిర్లక్ష్యముగా తుపాకి పేల్చి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చువానికి రెండేండ్ల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని 2019 నాటి సవరణ చెప్పుచున్నది.

ఇక ధరించు పద్ధతి. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారపు .32 రివాల్వరైనను, మఱియొకటైనను సూత్రములు ఒక్కటే. ట్రిగ్గరును పూర్తిగా కప్పు గట్టి ఒర లేనిదే దానిని ధరింపరాదు. పంచెముడిలోను, ప్యాంటుజేబులోను, తాళపుచెవుల నడుమను దోపుకొన్న తుపాకి శత్రువుకన్న ముందు యజమానుని తొడనే చీల్చవచ్చును. ఒట్టిదని తెలిసియున్నను నిండినదిగానే యెంచి, గొట్టమును ఏ మనుష్యునివైపునను త్రిప్పరాదు. కాల్చుటకు నిశ్చయించుకొన్నగాని వ్రేలు ట్రిగ్గరుమీదికి పోరాదు. జారిపడుదానిని పట్టబోవరాదు, పట్టబోయిన వ్రేలే దానిని పేల్చును. పాతకాలపు రివాల్వర్లలో కొన్ని క్రిందపడిన మాత్రముననే ప్రేలును గనుక వాటిని నిపుణునిచే పరీక్ష చేయించవలెను. మద్యము త్రాగునాడు తుపాకి ఇంట బీగములో నుండవలెను. ఈ నియమమును పాటింపజాలనివాడు లైసెన్సునే తిరిగి యిచ్చివేయుట మేలు.

ఇల్లు చేరినంతమాత్రమున బాధ్యత తీరదు. తలగడక్రింద పెట్టిన రివాల్వరు దొంగకు దొరకకపోవచ్చును. పసిబిడ్డకు తప్పక దొరకును. తూటాలు తీసి, రెండిటిని వేఱువేఱుగా బీగము వేసి, తాళపుచెవి తనయొద్ద నుంచుకొనవలెను. లైసెన్సు ఇచ్చునది మనుష్యునికి గాని వంశమునకు గాదు. డ్రైవరుచేతికో, బావమఱది చేతికో, వెంటతిరుగు కుఱ్ఱవాని చేతికో తుపాకి నప్పగించుట నేరము. లైసెన్సులో వ్రాసిన ప్రాంతము దాటి తీసికొనిపోవుటయు నట్టిదే.

ఇంత జాగ్రత్తగా ధరించినను అది రక్షించునా? 1998 మే 23వ తేదీన పులివెందుల సమీపమున వై. ఎస్. రాజారెడ్డి దారికాచినవారి బాంబులకు బలియయ్యెను. 2005 జనవరి 24వ తేదీన పరిటాల రవి అనంతపురమున తన పార్టీ కార్యాలయముననే తుపాకిగుండ్లకు కూలెను. వీరిరువురును బలహీనులు గారు, అనుచరబలము లేనివారును గారు. పన్నాగము పన్ని వచ్చు పదిమందికి నడుములోని ఆరు తూటాలు అడ్డుగావు. దారిదోపిడిగానికి అవి అడ్డుకావచ్చును, పగకు కావు. చట్టమిచ్చిన ఆత్మరక్షణహక్కునకు సైతము హద్దు కలదు. అవసరమునకు మించిన హాని చేయరాదు. అధికారుల సాయము పొందుటకు వ్యవధి యున్నచో ఆ హక్కే పుట్టదు.

ఎన్నికలవేళ లైసెన్సు తుపాకులను ఠాణాలో జమచేయించుట పరిపాటి. పగలు మిక్కిలి రగులు దినములవి. ఆ దినములలోనే తుపాకి లేక బ్రతుకగలిగినవాడు, తక్కిన సంవత్సరమంతయు దానిని మోయుట భయముచేతనా, దర్పముచేతనా యని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. కలెక్టరులును ఈ ప్రశ్ననే వేయవలెను. పలుకుబడి గలవాని కోరిక చేరిన వేగముననే, అతనికి వెఱచి బ్రతుకు చిన్నరైతు మొఱయు వారి బల్లమీదికి చేరుచున్నదా? ఒక్క పక్షము చేతనే లైసెన్సులున్న గ్రామమున ఆత్మరక్షణ యనుమాట పరపీడనకు మాఱుపేరగును. పోలీసు పిలిచినంతనే వచ్చునను నమ్మకము, వ్యాజ్యము సకాలమున తేలునను నమ్మకము గ్రామమునకు కలిగించుట ప్రభుత్వము చేయవలసిన పని. అది జరుగువఱకు ఆయుధము తప్పదనువారు ధరింతురు గాక; కాని దానిని లోకము కన్నులకే కాదు, తమ కోపమునకు గూడ అందకుండ దాచవలెను.