సాఫ్ట్‌వేర్ పేరు నేల ఎత్తు చెప్పదు

అత్తాపూర్ నుంచి శంషాబాద్ దాకా డ్రోన్ సర్వే చేయించుకునేవాళ్లు ఇప్పుడు ముందుగా అడిగేది ఒక్కటే: ఏ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెస్ చేస్తారు? పిక్స్‌ఫోర్‌డీ అంటే తలూపుతారు. మెటాషేప్ అంటే సరే అంటారు. ఉచితంగా దొరికే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అంటే మొహం చిట్లిస్తారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడితే కొలత కచ్చితంగా వస్తుందన్న నమ్మకం బిల్డర్లలోనే కాదు, సర్వే చేసేవాళ్లలోనూ పాతుకుపోయింది. ఇది తప్పు నమ్మకం. వరద నీళ్లు ఎవరి గడప దాకా వస్తాయో తేల్చాల్సిన చోట ప్రమాదకరమైన నమ్మకం కూడా.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చేసే పని మూలంలో ఒకటే. ఒకదాని మీద ఒకటి 75, 80 శాతం కప్పుకునేలా తీసిన ఫొటోల్లో అదే మ్యాన్‌హోల్ మూత, అదే గోడ మూల ఎక్కడెక్కడ కనిపించాయో వెతికి జత కలుపుతాయి. ఆ జతలను పట్టుకుని ప్రతి ఫొటో తీసినప్పుడు కెమెరా ఎక్కడుందో, ఎటు వాలిందో, లెన్సు వంపు ఎంతో అన్నీ కలిపి లెక్కగడతాయి. డబ్బు పెట్టి కొన్నవాటిలో పని త్వరగా అవుతుంది, పాయింట్లు గుర్తించడం సులువు, రిపోర్టు నీటుగా వస్తుంది. వేల ఫొటోలతో రోజూ పనిచేసే ఆఫీసుకు ఆ సౌకర్యం డబ్బు పెట్టదగ్గదే, కాదనను. కానీ ఆ డబ్బుతో కొన్నది సౌకర్యం. కచ్చితత్వాన్ని నేల మీద సంపాదించుకోవాలి.

కెమెరాను నిట్టనిలువుగా కిందికే పెట్టి, సమాంతర వరుసల్లో మాత్రమే ఎగరేస్తే లెన్సు వంపును ఏ సాఫ్ట్‌వేరైనా తప్పుగా అంచనా వేయవచ్చు. అప్పుడు చదునైన నేల మధ్యలో ఉబ్బినట్టో, కుంగినట్టో వస్తుంది. కంప్యూటర్ తెరపై చూస్తే ఆ మ్యాపు ఎంతో అందంగా ఉంటుంది, కాంటూర్లు కూడా నునుపుగా ఉంటాయి. ఆ లోపాన్ని పట్టుకోవాలంటే సైటంతా పరిచి, నేల మీద కొలిచి, లెక్కలో కలిపే గుర్తులు (జీసీపీలు) కావాలి, వాటికి తోడు లెక్కలో కలపకుండా పక్కన పెట్టిన చెక్ పాయింట్లు కావాలి. రిపోర్టు మొదటి పేజీలో ‘2 సెంటీమీటర్లు’ అని చూసి మురిసిపోయేవాళ్లు అది ఏ పాయింట్ల దగ్గర కొలిచిన తేడానో చూడరు. జీసీపీల దగ్గర తేడా చూపించి కచ్చితత్వం అనడం, విద్యార్థి తన పేపరు తానే దిద్దుకోవడం లాంటిది.

ఎత్తు సంగతి ఇంకా తీవ్రం. హిమాయత్ సాగర్ జలాశయం పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) 1763.5 అడుగులు, అంటే సముద్రమట్టానికి దాదాపు 537.5 మీటర్లు. జీపీఎస్ చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి గణితం గీసిన ఊహారూపం నుంచి. హైదరాబాద్‌లో ఆ రెంటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంది. 70 మీటర్ల తప్పు ఎవరి కంటికైనా పడుతుంది, దిద్దుకుంటారు. భయపడాల్సింది అర మీటరు తప్పుకు. మార్పిడికి వాడిన నమూనా సరిపడకపోయినా, దగ్గర్లోని బెంచ్ మార్కుతో సరిచూసుకోకపోయినా మ్యాపు మొత్తం ఒకే తీరున పైకో కిందికో జరుగుతుంది. లోపల ఎక్కడా పొసగనిదంటూ కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇక్కడ ఏ కంపెనీ లైసెన్సూ కాపాడదు.

అత్తాపూర్‌లో అర మీటరు చిన్న విషయం కాదు. బాపూఘాట్ దగ్గర ఈసీ, మూసీ కలిశాక ఆ నీళ్లు ఇటే వస్తాయి. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అయినా 2020 అక్టోబరులో నగరం మునిగింది. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడలపై, అవి నది గర్భంలో ఉన్నాయంటూ ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసిన రోజు ఆ కుటుంబాల పరిస్థితేమిటో తలచుకుంటే, నది గర్భం గీత ఎంత జాగ్రత్తగా గీయాలో అర్థమవుతుంది. ఎత్తును బట్టి గీసే ఏ గీతకైనా ఆధారం చూపించమని అడిగే హక్కు వాళ్లకుంది. ‘మంచి సాఫ్ట్‌వేర్ వాడాం’ అన్నది ఆధారం కాదు.

పైగా ఫొటోకి కనిపించేదే సాఫ్ట్‌వేర్‌కీ కనిపిస్తుంది. మూసీలో గుర్రపుడెక్క పరుచుకున్న చోట అది ఆకుల ఎత్తు కొలుస్తుంది. మెరిసే నీటి మీద జత కలిపేందుకు గుర్తులే దొరకవు. స్తంభాల మీద సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడవునా కింది రోడ్డును కప్పేసింది. పైనుంచి తీసిన ఫొటోల్లో ఆ రోడ్డు లేనే లేదు. గడ్డీ ఇళ్లూ తీసేసి నేల చూపిస్తామనే ఆప్షన్లు ఖాళీలను చుట్టుపక్కల ఎత్తులతో ఊహించి పూడుస్తాయి. అలాంటి చోట మనిషి టోటల్ స్టేషన్ అనే కొలత పరికరం పట్టుకుని దిగాల్సిందే.

శంషాబాద్ వైపు సర్వేలో విమానాశ్రయం సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటి ఎగరాలంటే అనుమతి తప్పనిసరి. 120 మీటర్ల నుంచి 60 మీటర్లకు దిగితే అదే స్థలానికి ఫొటోలు నాలుగు రెట్లవుతాయి. ఆఫీసు కంప్యూటర్ అంత భారం మోయలేక చాలామంది క్లౌడ్ వైపు చూస్తారు. కానీ మ్యాపుల సమాచారంపై కేంద్రం ఇచ్చిన 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్లకంటే సూక్ష్మమైన సమాచారాన్ని మన దేశంలోనే నిల్వ చేయాలి, ప్రాసెస్ చేయాలి. డ్రోన్ మ్యాపు ఆ హద్దు లోపలికే వస్తుంది. సర్వరు ఏ దేశంలో ఉందన్నది సాఫ్ట్‌వేర్ ఎంపికలో నిజంగా అడగాల్సిన ప్రశ్న. అడిగేవాళ్లు అరుదు.

ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌ను చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. అది సొంత కంప్యూటర్లో నడుస్తుంది, ఫొటోలు బయటికి పోవు, లోపలి లెక్క తెరిచి చూడొచ్చు. అది తడబడే సైట్లూ ఉన్నాయి. ఎక్కడ తడబడిందో చెక్ పాయింట్లు చెబుతాయి, ఖరీదైనది తడబడినా అవే చెబుతాయి.

అందుకే టెండర్లలో బ్రాండ్ పేరు తీసేయాలి. దాని బదులు ఇవి రాయాలి: విడిగా కొలిచిన చెక్ పాయింట్ల దగ్గర నిలువు తేడా ఎంత దాటకూడదో, ఎత్తులను ఏ బెంచ్ మార్కుకు ముడిపెట్టారో, ఊహించి పూడ్చిన చోట్లు మ్యాపులో వేరే రంగులో చూపించారో లేదో. అసలు ఫొటోలు, పాయింట్ల కొలతలు సర్వే చేయించిన శాఖ దగ్గరే ఉండాలి. ఒడ్డున ఇల్లున్న మనిషి గీతను సవాలు చేస్తే, అవే ఫొటోలను మరొకరి చేత, మరో సాఫ్ట్‌వేర్‌లో, అతని కళ్లెదుట మళ్లీ ప్రాసెస్ చేయించాలి.