దీపం లేని ఊరా, చూపు లేని పటమా?

పటంలో పెంట పేరుంది, ఇండ్లు లేవు. "అక్కడ అసలు ఊరుండేదా?" అని అడుగుతరు. రెవెన్యూ రికార్డుల్లో దానికో మాట కూడా ఉంది: బేచిరాగ్. దీపం లేని ఊరు.

తేలుద్దాం. కానీ ఆఫీసులో పటం పరిచి కాదు, మన్ననూర్ దాటి నల్లమల లోపలికి నడిచి. చెంచులు తేనెకు, ఇప్పపువ్వుకు కాలాన్ని బట్టి తావు మారుతరు. సర్వేయర్ వచ్చిన రోజు పొయ్యి రాజకపోతే ఊరే లేనట్టా?

2006 అటవీ హక్కుల చట్టం సర్వే కాని ఊర్లను, పాత నివాసాలను కూడా గుర్తించింది. దాని 13వ నిబంధన ప్రకారం గడ్డలు తవ్వుకునే తావులు, నీటి వనరులు, మొక్కే చెట్లు, బొందలగడ్డ, పెద్దల వాంగ్మూలం అన్నీ సాక్ష్యాలే.

మరి పటాన్నే ఎందుకు పట్టుకుంటరు? ఊరే లేదంటే గ్రామసభ లేదు. గ్రామసభ లేకుంటే పులుల అభయారణ్యం పేరుతో ఖాళీ చేయించేటప్పుడు సమ్మతి అడిగే పని లేదు. అసలు లెక్క ఇది.

వెలివాడను ఊరి పేరు కింద దాచిన పటాలు మనకు కొత్త కాదు. అందుకే విద్యార్థి మిత్రులారా, ఫీల్డుకు పోతే ముందు బొందలగడ్డ ఎక్కడని అడగండి. తాతలను పూడ్చుకున్న చోట మనుషులు బతికిన్రా లేదా అని పటం చెప్పాల్నా?