పాత మందిరం, కొత్త పలకలు



పోయిన వారం కూడికలో సోలార్ మాట రాగానే మన పెద్దాయన ఒకరు, "మిషనరీ దొరలు కట్టిన మందిరం నెత్తిన అద్దాలు పెడతారా అయ్యగారూ?" అని బాధపడ్డారు. యవనస్థులేమో, "కరెంటు బిల్లు నువ్వు కడతావా తాతా?" అన్నారు. అలా అనకుండా ఉండాల్సింది.

ఈ గొడవ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ చాపెల్ ఐదు వందల ఏళ్ల నాటిది. దానిమీద 438 పలకలు పెడతామంటే, పాత కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థే అభ్యంతరం చెప్పింది. అయినా 2023లో నగర కౌన్సిల్ అనుమతించింది. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. పైకప్పు మీది పాత సీసపు రేకులు ఎలాగూ మార్చాల్సి వచ్చింది. ఆ మరమ్మతులోనే పలకలూ బిగించారు.

మరమ్మతు అంటే నాకు 2 రాజులు 12వ అధ్యాయం గుర్తొస్తుంది. యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరం బాగుచేయించలేదు. చివరికి యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం దగ్గర పెట్టాల్సి వచ్చింది. యాజకుల ఆలస్యం చదివినప్పుడల్లా నాకే తగులుతుంది. మన పెంకులు కారుతున్నాయని నాకూ చాన్నాళ్లుగా తెలుసు.

పలకలు పెడితే పవిత్రత పోతుందని నేననుకోను. మెదక్ కెథడ్రల్ రంగుటద్దాల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం పగటి వెలుగుకే కదా ప్రకాశించేది! ఎండ మందిరంలో పనిచేయడం కొత్తేమీ కాదు.

కానీ పెద్దాయన భయంలో నిజముంది. ఒక్కో పలక 20 కిలోలకు తక్కువుండదు. మన దూలాలు ఆ బరువు మోస్తాయో లేదో ఇంజనీరు చూడకుండా చెప్పలేం. తుఫాను గాలికి పలక లేచిందంటే పెంకులూ లేస్తాయి. అందుకే నా మాట: ముందు సండే స్కూలు డాబా మీద పెడదాం. అదీ నెట్ మీటరు వచ్చాకే. మన ఫ్యాన్లు తిరిగేది ఎక్కువగా ఆదివారమే. మిగతా ఆరు రోజుల కరెంటు లైనులోకి వెళ్లి బిల్లులో తగ్గకపోతే కానుక డబ్బు దండగే. మందిరం కప్పు సంగతి, పెంకులు దించిన రోజున మాట్లాడుకుందాం.

శనివారం పొద్దున పెద్దాయన, నేను నిచ్చెన వేసుకుని దూలాలు చూడబోతున్నాం. చిన్నప్పుడు ఆ పెంకులు మోసిన చేతులు ఆయనవి. బిల్లు మాట అన్న యవనస్థులు నిచ్చెన పట్టుకోవడానికి రావాలి.