సంతలో బేరము

విదేశయాత్ర చేసినవారు కైరో నగరపు ఖాన్ అల్ ఖలీలీ అంగళ్లలో తామాడిన బేరములను గొప్పగా చెప్పుకొందురు. అందు తప్పు లేదు. అచ్చటి వర్తకుడు బేరము తప్పదని యెరిగియే ధర హెచ్చించి చెప్పును. బేరము కుదరకున్న సరకు అతని అంగడిలోనే యుండును. రేపు మరియొకరు వత్తురు.

ఆ నేర్పునే మన భద్రాచలపు మన్యపు సంతలలో చూపుట నాకు సమ్మతము కాదు. శ్రీరామనవమికి యాత్రికులు వచ్చు దినములలోనే ఇప్పపువ్వు రాలును, చింతపండు దిగును. కోయ స్త్రీ తెల్లవారుజామున చెట్లక్రింద పువ్వులేరి యెండబెట్టును; చింతకాయల పెచ్చు తీయును; గంప నెత్తికెత్తుకొని క్రోసులకొలది నడచివచ్చును. ప్రొద్దు వాలకముందే సరకు అమ్ముకొని, ఉప్పును నూనెను కొని, అడవిదారి పట్టవలెను. అమ్ముడుపోని గంపను మరల మోయజాలదు. కొనువాడు ఈ సంగతి నెరిగియే జాగు చేయును. దానిని బేరమనవచ్చునా?

పూర్వము వర్తకులు ఉప్పు నిచ్చి అటవీఫలసాయమును పుచ్చుకొనుచు, కొలతలోను మోసగించెడివారు. ఈ దోపిడి నరికట్టుటకే 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ యేర్పడినది. (భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో, అప్పటికి తూర్పుగోదావరి జిల్లాలోనిదే.) ఆ సంస్థ నిర్ణీత ధరకు సరకు కొనసాగెను. కాని వీసెడు చింతపండు కొను యాత్రికుని నోటిని ఏ సంస్థ కట్టగలదు?

పట్టుచీరల దుకాణములో గడియసేపు బేరమాడుడు, నేనును ఆడుదును. చీపురుకట్టలమ్ము నామె యెదుట మాత్రము, అడిగిన ధర యిచ్చి, చిల్లర ఆమెచేతనే లెక్కపెట్టింపుడు.