పాతిక మందితో ఎవరిని మారుస్తారు?

ఉత్తరాంధ్రలో గంజాయి గురించి ఎవరు మాట్లాడినా చివరికి శిక్ష దగ్గరే ఆగుతున్నారు. బెయిలు ఇవ్వొద్దని ఒకరు, ఆస్తులు జప్తు చేయాలని ఇంకొకరు, నిందితుడి ఇంటికి ప్రభుత్వ పథకాలు ఆపేయాలని మరొకరు. రౌడీషీటర్లనైతే ఆదివారం స్టేషనుకు పిలిపించి, వరసగా నిలబెట్టి హెచ్చరిస్తారు. సోమవారం జిల్లా పేజీలో దాన్నే కౌన్సెలింగ్ అని అచ్చేస్తారు. నేరం చేసిన మనిషి మళ్లీ ఆ నేరం చేయకుండా ఉండాలంటే అతని బుర్రలో ఏం మారాలి, ఆ మార్పు ఎవరు తేవాలి అన్న ప్రశ్న మాత్రం ఏ చర్చలోనూ వినిపించదు. అడిగితే చెప్పాల్సిన జవాబు ఒక అంకె: పాతిక.

2022 చివరినాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఖైదీలున్నారు. వారందరికీ ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మంది అని ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 లెక్క తేల్చింది. ఒక్కొక్కరి వంతుకు 22,929 మంది. నమూనా జైలు మాన్యువల్ (2016) ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకు ఒక నిపుణుడు ఉండాలి. అంటే 1,146 మంది కావాలి, ఉన్నది పాతిక మంది. ఆ 2022లోనే దేశంలోని జైళ్లలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు.

చట్టం లేదనడానికి వీల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం పెట్టాలంది. జైలులో మానసిక రోగులు ఎవరూ లేరని ధ్రువీకరిస్తూ జైలు డాక్టరు మూడు నెలలకోసారి నివేదిక పంపాలనీ అదే సెక్షన్ చెబుతోంది. పరీక్షించే నిపుణుడే లేని చోట రోగులు లేరని రాసివ్వడం ఎంత తేలికో వేరే చెప్పాలా? మతి పూర్తిగా తప్పినవాడు విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకు చేరతాడు. కోపం, అనుమానం, తాగుడు అలాగే ఉన్నవాడు మాత్రం శిక్ష పూర్తయ్యాక నేరుగా ఊరికే చేరతాడు.

మన ఉత్తరాంధ్ర నేరాలను కొంచెం దగ్గరగా చూడండి. గట్టు తగాదాలో గునపం ఎత్తినవాడు, భార్య మీద అనుమానంతో కత్తి పట్టినవాడు, సారా మత్తులో అన్ననే కొట్టి చంపినవాడు. వీటితో పాటు మన మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి నమ్మకం, ఉంది. పార్వతీపురం, సీతంపేట వైపు కొండ ఊళ్లలో ఇంట్లో బిడ్డ జ్వరంతో పోతే, పక్కింటి ముసలాయన చిల్లంగి పెట్టాడని నమ్మి ప్రాణం తీసిన కేసులు కొత్త కావు. ఆ హంతకుడి దృష్టిలో అది హత్య కాదు, తన పిల్లలను కాపాడుకోవడం. పద్నాలుగేళ్లు జైల్లో పెట్టినా ఆ నమ్మకం వీసమెత్తు కదలదు. సత్ప్రవర్తన మీద విడుదలై వచ్చాక ఇంట్లో మరో బిడ్డకు జ్వరం వస్తే ఏమవుతుంది?

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. ఆ మాట వినగానే సోఫాలో పడుకోబెట్టి చిన్ననాటి కబుర్లు చెప్పించడమనుకుంటారు చాలామంది. జరిగేది అది కాదు. ఆ రోజు పొద్దున్నుంచి జరిగినదంతా ఖైదీ చేత పూసగుచ్చినట్టు చెప్పిస్తారు. ఎవరు ఏమన్నారు, ఆ మాట విన్నప్పుడు మనసులో ఏ ఆలోచన మెదిలింది, ఒంట్లో ఏమైంది, చెయ్యి ఎప్పుడు లేచింది అని ఒక్కో మెట్టూ విడదీస్తారు. బిడ్డ చనిపోవడానికి ఇంకేం కారణం ఉండొచ్చో, చిల్లంగి అనడానికి నీ కళ్లతో చూసిన సాక్ష్యం ఏమిటో అతనితోనే వెతికిస్తారు. పదిమంది ఖైదీలను కూర్చోబెట్టి, గొడవ ముదిరే ఘడియలో అక్కణ్నుంచి వెళ్లిపోవడం ఎలాగో నటింపజేసి సాధన చేయిస్తారు. ఇది ఓపికతో, వారాల తరబడి, ఖైదీ భాషలోనే జరగాలి. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన నేల ఇది. సవర ఖైదీ మనసులో మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ ఏ ఏర్పాటు ఉంది?

ఈ చికిత్స మీద సందేహాలు లేవని అనను. బ్రిటన్‌లో లైంగిక నేరస్థులకు ఇచ్చిన చికిత్స ఫలించలేదని 2017లో తేలింది. చికిత్స పొందినవారిలో 10 శాతం, పొందనివారిలో 8 శాతం మంది మళ్లీ అదే నేరం చేశారు. ఆ కార్యక్రమాన్ని ఎత్తేశారు. జైలు చికిత్సల మీద జరిగిన 29 ప్రయోగాలను 2021లో లాన్సెట్ సైకియాట్రీ సమీక్షించింది. చిన్న ప్రయోగాలను పక్కన పెడితే పెద్దగా ఫలితం మిగలలేదని, విడుదల తర్వాత కూడా చికిత్స కొనసాగాలని ఆ పరిశోధకులు తేల్చారు. టీబీ మందు సగంలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టినట్టే ఇదీ. నాసిరకం చికిత్స వద్దనడానికి, గేటు దగ్గర ఆపొద్దనడానికి ఇది ఆధారం. అసలు చికిత్సే వద్దనడానికి కాదు.

డబ్బు లేదు, నిపుణులు లేరు అనేవారికి లైబీరియా జవాబు చెప్పింది. మనకంటే ఎంతో పేద దేశం అది. అంతర్యుద్ధం నుంచి బయటపడిన మన్రోవియా నగరంలో దొంగతనాలు, దోపిడీలతో బతికే 999 మంది యువకులను పరిశోధకులు ఎంచుకున్నారు. కొందరికి 8 వారాల థెరపీ, కొందరికి 200 డాలర్లు, కొందరికి రెండూ ఇచ్చారు, మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. థెరపీ నడిపినవారిలో ఒకప్పుడు అదే వీధుల్లో బతికి మారినవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత చూస్తే రెండూ అందుకున్నవారిలో నేర ప్రవర్తన దాదాపు సగానికి తగ్గింది. డబ్బు మాత్రమే ఇచ్చిన చోట ఆ ప్రభావం నిలవలేదు.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనే తెలంగాణ జైళ్ల శాఖ 'ఉన్నతి' పేరుతో ఇదే పద్ధతిని ఖైదీల కోసం చేపట్టింది. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ బీనా చింతలపూరి దాన్ని తీర్చిదిద్దారు. మనకు మాత్రం మనుషులు లేరా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967 నుంచీ సైకాలజీ విభాగం ఉంది. అడవివరం సెంట్రల్ జైలు అదే విశాఖ నగరంలో ఉంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. గంజాయికి బానిసైనవాడు తక్కువ పరిమాణంతో దొరికి, తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ ఉందని ఎంతమంది ఎస్సైలు ఆ కుర్రాళ్లకు చెబుతున్నారు?

నేరస్థులను బుజ్జగించమంటారా అని నిలదీసే పెద్దలకు ఒకటే మాట. 2022 చివరినాటికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. శ్రీకాకుళం అంపోలు జిల్లా జైలు నుంచి, మన సబ్‌జైళ్ల నుంచి వాళ్లు ఎలాగూ బయటికొస్తారు, మీ వీధిలోకే వస్తారు. సాక్ష్యం చెప్పిన పొరుగువాడి గుమ్మం ముందుగానే నడుస్తారు. వాళ్ల కోపానికి చికిత్స చేయొద్దని మీరు వాదించేది ఎవరి రక్షణ కోసం? బాధితుల పేరు చెప్పి ఆ వాదన చేయకండి. తర్వాత బాధితులయ్యేవాళ్ల గురించి మీరు ఆలోచించనే లేదు.

హోంమంత్రి వంగలపూడి అనిత ఉత్తరాంధ్ర నుంచే గెలిచారు. ఇక్కడి జైళ్లలో ఎవరున్నారో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. విశాఖ సెంట్రల్ జైలులో ప్రతి 500 మందికి ఒక సైకాలజిస్టును, అంపోలుకు ఒకరిని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సబ్‌జైళ్లకు వారంవారం తిరిగే ఒక బృందాన్ని, విడుదలైనవారిని ఏడాదిపాటు చూసుకునే ఏర్పాటును వచ్చే బడ్జెట్‌లోనే మంజూరు చేయాలి. శ్రీకాకుళం, విజయనగరం ఎమ్మెల్యేలు శాసనసభలో లేచి ఒక్క ప్రశ్న వేయాలి: దేశం మొత్తానికి ఉన్న ఆ పాతిక మందిలో మన జైళ్లలో ఉన్నది ఎంతమంది?