సర్వర్‌తో పాటు ఒక నోటుబుక్కు



"మా వసతి గృహంలో లెక్కలు, పిల్లల వివరాలు భద్రపరచడానికి ఒక సర్వర్ కావాలి. లినక్స్ అయితే ఖర్చు తక్కువంటున్నారు. ఉచితంగా చేసిపెట్టేవారు ఎక్కడ దొరుకుతారు?" అని ఒక సహోదరి మమ్మల్ని అడిగారు. ఈ పనిలో మేము ఒకసారి దెబ్బతిన్నవాళ్లం గనుక, ఆ సంగతి దాచకుండా చెప్పడమే మేలనుకుంటున్నాము.

లినక్స్ ఖర్చు లేనిదన్న మాట నిజమే. ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. సర్వర్ అనగానే పెద్ద యంత్రం అని భయపడనక్కరలేదు. చిన్న ఆఫీసుకు మంచి స్థితిలో ఉన్న పాత కంప్యూటరే చాలు. అందులో సాంబా అనే ప్రోగ్రాం పెడితే, మిగతా విండోస్ కంప్యూటర్లన్నీ ఫైళ్లను ఒకే చోట దాచుకోగలవు.

కొన్నేళ్ల క్రితం, మేము తోడ్పడే ఒక పిల్లల గృహానికి ఇంజనీరింగ్ చదివే తమ్ముడొకడు రెండు శనివారాలు కూర్చొని ఇలాంటిదే అమర్చాడు. పైసా తీసుకోలేదు. చదువు ముగిసి ఉద్యోగానికి దూరం వెళ్లాడు. ఫోను నంబరు మారింది. ఒక వేసవిలో కరెంటు పోయి వచ్చాక సర్వర్ డిస్కు పాడైంది. బ్యాకప్ ఉందిలే అనుకున్నాము. తీరా చూస్తే, అదీ అదే డిస్కులో ఉంది! మూడేళ్ల చందాల లెక్కలు పోయాయి. రశీదు పుస్తకాలు ముందు వేసుకొని నెలన్నర పాటు తిరిగి రాశాము. రశీదులు లేని పిల్లల వివరాలు మాత్రం తిరిగి రాలేదు. తప్పు ఆ తమ్ముడిది కాదు. అడగవలసినది మేము అడగలేదు.

మనిషి దొరకడం అంత కష్టం కాదు. మన సంఘాల్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే యువకులు, యువతులు ఉన్నారు. ఇంజనీరింగ్ కళాశాలల్లో అడగవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే 'స్వేచ్ఛ' వంటి సంస్థలూ ఉన్నాయి. అయితే "మా కంప్యూటర్లు కాస్త చూసిపెట్టండి" అని అడిగితే ఎవరైనా జంకుతారు. ఆ పనికి అంతు ఉండదు. "ఐదు కంప్యూటర్లు ఉన్నాయి, ఫైళ్లు ఒకచోట ఉండాలి, రోజూ రాత్రి బ్యాకప్ జరగాలి, రెండు శనివారాల పని" అని చెప్పండి. అప్పుడు ధైర్యంగా ఒప్పుకుంటారు.

వీలైతే ఒకరిని కాక ఇద్దరిని పిలవండి. మీ ఆఫీసులో పనిచేసేవారు ఒకరు పక్కనే కూర్చొని చూడాలి. ఏమేమి పెట్టారో, ఎలా ఆపి తిరిగి నడపాలో, బ్యాకప్ ఎక్కడుందో ఒక నోటుబుక్కులో తెలుగులోనే రాయించండి. పాస్‌వర్డును కవరులో పెట్టి, అంటించి, కార్యదర్శి బీరువాలో ఉంచండి. పిల్లల వివరాలు అవసరమైనవారికి తప్ప ఇతరులకు తెరుచుకోకూడదని ముందే చెప్పండి.

బ్యాకప్ వేరే డిస్కులో ఉండాలి. మరొక ప్రతి వేరే ఇంట్లో ఉండాలి. మూడు నెలలకొకసారి అందులోనుండి ఒక ఫైలు తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నమ్మవద్దు. ఉబుంటులో ఎల్.టి.ఎస్. అనే రకానికి ఐదేళ్ల పాటు భద్రతా సవరణలు వస్తాయి. ఆ గడువు తేదీని నోటుబుక్కు అట్ట మీదే రాసిపెట్టండి. యు.పి.ఎస్. కొనడానికి వెనుకాడవద్దు.

చివరిగా ఒక మాట. ఉచితంగా వచ్చినవారి సమయం ఉచితం కాదు. బస్సు ఛార్జీ ఇవ్వండి, కడుపునిండా భోజనం పెట్టండి, అర్ధరాత్రి ఫోను చేయకండి. పని ముగిశాక వారిని నిశ్చింతగా వెళ్లనివ్వండి. నోటుబుక్కు మీ చేతిలో ఉంటే వారూ నిశ్చింతగా వెళ్లగలరు, మీరూ నిశ్చింతగా పంపగలరు.