లారీ కమాను కత్తి
గిలకలదిండిలో చేపలు కోసే కత్తయినా, అవనిగడ్డలో కొబ్బరిబోండాలు కొట్టే కత్తయినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇనుము ఎక్కడిది? పాత లారీ కమాను పట్టీ అంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు. అందులో కర్బనం వందకు అర పాలు పైచిలుకు ఉంటుంది. గేటు చువ్వల మెత్తటి ఇనుములో పావు పాలైనా ఉండదు, ఎంత కాల్చి ముంచినా అది మొద్దే. కమ్మరి కమానుని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, అంచుని నూనెలో ముంచుతాడు. అప్పటికి అది గట్టిదే గానీ పెళుసు, అందుకే మళ్ళీ సన్నని సెగ చూపిస్తాడు. అంచు మీద ఎండుగడ్డి రంగు పాకగానే తీసెయ్యాలి, నీలం తిరిగిందా, పదును నిలవదు. తుప్పు పడుతుందంటారు, నిజమే. కడిగి, తుడిచి, చుక్క నూనె రాస్తే సరి (ఆపాటి ఓపిక లేనివాళ్ళ కోసమే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు వచ్చాయేమో!). వరికోత యంత్రాలొచ్చాక గుడివాడ పల్లెల్లో ఇదే కమ్మరి చేసే కొడవలికి గిరాకీ తగ్గింది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కమ్మరికి పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి 3 లక్షల దాకా అప్పు ఇస్తానంటోంది. మంచిదే, కానీ అప్పు తీర్చాలంటే కొనేవాడు ఉండాలిగా. ఇంట్లో కత్తి మొద్దుబారితే పారేయకండి, కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి కాచి సాగగొట్టించండి. బేరం మాత్రం ఆడకండి.